ద్విపదే, చతుష్పదే: గుబ్బియో ఊళ్లో ఏడు కంచు పలకలు

ఉంబ్రియా ఉత్తరం
ఫిబ్రవరి 9, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. నేను ఇటలీలో, ఉంబ్రియా రాష్ట్రంలోని పెరూజాలో చదువుకుంటున్నాను. వచ్చి ఆరు నెలలైంది. మాది ఒంగోలు పక్కన పల్లెటూరు.

మనవాళ్లు ఇటలీ వస్తే రోమ్, వెనిస్, పీసా గోపురం చూసుకుని వెళ్లిపోతారు. నిన్న నేను గుబ్బియో అనే ఊరికి వెళ్లొచ్చాను. పెరూజా నుంచి బస్సులో గంట పైచిలుకు. జనాభా సుమారు 30 వేలు. ఇంజీనో అనే కొండని ఆనుకుని ఊరంతా మెట్లుమెట్లుగా ఉంటుంది, అన్నీ బూడిదరంగు రాతి ఇళ్లే. నడిమధ్యలో పలాజ్జో దేయి కోన్సోలి అనే పాత భవనం. 1332లో కట్టడం మొదలుపెట్టారట. దాని ముందున్న చౌకు నేలమీద లేదు. వాలు మీద పెద్ద పెద్ద కమానులు కట్టి, వాటిమీద పరిచారు. అంచున నిలబడితే కింద ఇళ్ల పెంకులు, పొలాలు, దూరంగా కొండలు. గాలి చెవుల్లో హోరుమంటోంది. నేనొక్కదాన్నే ఉన్నాను.

లోపల మ్యూజియంలో ఏడు కంచు పలకలు చూశాను. రాసి రెండువేల ఏళ్లు దాటింది. కొన్నిటి మీద అక్షరాలు కుడి నుంచి ఎడమకి ఉన్నాయి, కొన్నిటి మీద మామూలు లాటిన్ అక్షరాలే. 1444లో దొరికాయట, 1456లో ఊరే కొనుక్కుందట. అప్పటినుంచి ఊరు దాటి వేరే వాళ్ల సొత్తు కాలేదు. కాపలా ఉన్న పెద్దావిడ నన్ను చూసి "ఎక్కణ్ణుంచి?" అంది. ఇండియా అన్నాను. ఆవిడ ఒక పలక దగ్గరికి తీసుకెళ్లి ఇటాలియన్‌లో ఏదో గబగబా చెప్పింది. నాకు అర్థమైంది సగమే. "మీ పాత భాషకీ మా పాత భాషకీ చుట్టరికం ఉంది" అన్నది మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

ఆ చుట్టరికం ఏమిటో ఇక్కడ ఎవరికైనా తెలుసా? నాకు రాత్రంతా అదే ఆలోచన.

మూటాముల్లె
ఫిబ్రవరి 9, రాత్రి 11:05

అమ్మాయీ, నేను అస్సీసీ రెండుసార్లు వెళ్లాను. గుబ్బియో బోర్డు చూసి కూడా ఆగలేదు. ఇప్పుడు బాధగా ఉంది. రోమ్ నుంచి నేరుగా రైలుందా?

ఉంబ్రియా ఉత్తరం
ఫిబ్రవరి 9, రాత్రి 11:30

ఊళ్లోకి రైలు లేదండీ. రోమ్ నుంచి అంకోనా వెళ్లే లైన్లో ఫొస్సాతో ది వీకో అని స్టేషన్ ఉంది. అక్కడ దిగి బస్సెక్కాలి. ఆదివారం బస్సులు తక్కువ, టైము చూసుకునే బయల్దేరండి.

అస్సీసీ వెళ్లారు కాబట్టి ఒక మాట. ఆ ఊరి సెయింట్ ఫ్రాన్సిస్ తోడేలుతో మాట్లాడి మచ్చిక చేసిన కథ విన్నారా? అది జరిగిందని చెప్పుకునేది ఈ ఊళ్లోనే. మనుషుల్నీ పశువుల్నీ తినేస్తున్న తోడేలు దగ్గరికి వెళ్లి "నీకు ఆకలి, వీళ్లకి భయం. రోజూ వీళ్లే నీకు తిండి పెడతారు, నువ్వు వీళ్ల జోలికి రాకు" అని ఒడంబడిక చేశాడట. తోడేలు పంజా ఆయన చేతిలో పెట్టిందట. ఊరివాళ్లు దాన్ని చచ్చేదాకా ఇంటింటా మేపారట. ఆ బొమ్మ ఊళ్లో చాలాచోట్ల కనిపిస్తుంది.

పాతరాత
ఫిబ్రవరి 10, ఉదయం 6:15

చిరంజీవి ఉంబ్రియా ఉత్తరానికి ఆశీస్సులు. ముప్పై రెండేళ్లు సంస్కృతం పాఠం చెప్పి రిటైరయ్యాను. ఈ పలకల గురించి చదువుకున్నదే తప్ప కళ్లతో చూసే యోగం నాకు పట్టలేదు. నువ్వు వాటి ముందు నిలబడి ఈ ప్రశ్న అడిగావంటే నాకు చాలా సంతోషంగా ఉంది తల్లీ.

వాటిని ఇగువీన్ పలకలు అంటారు. ఊరి పాత పేరు ఇగువియం. భాష ఉంబ్రియన్, లాటిన్‌కి తోబుట్టువు లాంటిది. ఆ భాషలో మనకి మిగిలిన పెద్ద రాత ఇదొక్కటే. ఇది పోయుంటే ఆ భాష గురించి తెలిసేది నాలుగు ముక్కలే. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దానికీ ఒకటో శతాబ్దానికీ మధ్య చెక్కారని పండితుల లెక్క. కుడి నుంచి ఎడమకి ఉన్నవి ముందువి, ఆ లిపి పొరుగు జాతి ఎట్రుస్కన్ల దగ్గర నేర్చుకున్నది. లాటిన్ అక్షరాలవి తర్వాతివి.

అందులో ఉన్నది కథ కాదు, రాజుల గొప్పలు కాదు. ప్రయోగం. పూజ ఎలా చేయాలో అక్షరం తప్పకుండా చెప్పే పద్ధతి. అతీడియన్ సోదరులు అని ఒక పురోహిత బృందం ఉండేది. ఊరికి శుద్ధి చేసేది వాళ్లే. ఊరికి మూడు ద్వారాలు. ఒక్కో ద్వారం ముందు ఏ దేవుడికి ఏ బలి, వెనకవైపు ఏ దేవుడికి ఏ బలి, ఏ మాట బిగ్గరగా అనాలి, ఏది లోలోపల అనాలి, అన్నీ రాసిపెట్టారు. అంతకుముందు పక్షి శకునం చూడాలి. నడుమ ఏదైనా అవాంతరం వస్తే చేసిందంతా చెల్లదు, మళ్లీ మొదటి ద్వారం దగ్గరికి వెళ్లి మొదలుపెట్టాలి.

ఇక చుట్టరికం. ఆ ప్రార్థనల్లో "నెర్ఫ్", "వెయిరో పెకువో" అని మాటలు వస్తాయి. నెర్ అంటే పెద్దలు, నాయకులు. మన "నృ", "నర" ఉందే, అదే మాట. వెయిరో అంటే మనుషులు, మన "వీర". పెకువో అంటే పశువులు, మన "పశు". సోదరులు అనడానికి వాళ్ల మాట "ఫ్రాతెర్", మనది "భ్రాతృ".

అన్నిటికంటే నన్ను కదిలించింది ఇంకొకటి. కొండమీది కోట కోసం, ఊరి కోసం చేసే ఒక ప్రార్థనలో "దుపుర్సుస్ పెతుర్‌పుర్సుస్" అని ఉంటుంది. "దు" రెండు, "పెతుర్" నాలుగు, "పుర్స్" కాలు. రెండు కాళ్లవాటికీ నాలుగు కాళ్లవాటికీ మేలు కలగాలి అని. రోజూ సంధ్యవేళ మా నాన్నగారు శాంతిమంత్రం చదివేవారు. దాని చివర "శం నో అస్తు ద్విపదే, శం చతుష్పదే" అని వస్తుంది. వేల మైళ్ల దూరంలో, ఒకరి ముఖం ఒకరు ఎరగని ఇద్దరు పురోహితులు ఒకే కోరికని ఒకే మాటల జంటతో కోరుకున్నారు. అది మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

శ్రీవైదిక
ఫిబ్రవరి 10, ఉదయం 9:40

అద్భుతం మాస్టారూ. అంటే వేదమే ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్లిందన్నమాట. ఇది అందరికీ చెప్పాలి.

పాతరాత
ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 2:10

నాయనా, మీ ఉత్సాహం అర్థమైంది. కానీ అలా చెప్పకండి, అది నిజం కాదు. ఉంబ్రియన్ సంస్కృతానికి కూతురు కాదు, మనుమరాలు కాదు. రెండిటికీ ఇంకా ముందు ఒక తల్లి భాష ఉంది. ఆ తల్లి దగ్గర నేర్చుకున్న మాటని ఒక అక్క గుబ్బియోకి పట్టుకెళ్లింది, ఒక చెల్లెలు సింధు తీరానికి పట్టుకెళ్లింది. కూతురని ఊహించుకోవడం కంటే ఇలా తోబుట్టువులు కావడమే నాకు గొప్పగా తోస్తుంది. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, ఇద్దరూ మరిచిపోలేదు.

ఇంకో సంగతి. మన తెలుగు ఈ కుటుంబంలోది కాదు. మన "రెండు", "నాలుగు", "కాలు" ద్రావిడ మాటలు. ఆ ఊరితో మనకున్న చుట్టరికం సంస్కృతం మీదుగా, మన ఇళ్లలో చదివే మంత్రం మీదుగా వచ్చింది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పుకుంటే చాలు, అది ఎంతో ఉంది.

శ్రీవైదిక
ఫిబ్రవరి 10, సాయంత్రం 5:00

అర్థమైంది మాస్టారూ. అక్కాచెల్లెళ్లు అన్నది మనసుకి పట్టింది. మా పిల్లలకి అలాగే చెప్తాను.

పాలమూరు పోరడు
ఫిబ్రవరి 10, రాత్రి 8:50

సార్, పక్షి శకునం అన్నరు కదా, ఏ పక్షులు? మా దిక్కు దసరానాడు జమ్మి దగ్గరికి పోయేటప్పుడు పాలపిట్టను చూసుడు ఉంటది. చిన్నప్పుడు మా తాత నన్ను భుజాల మీద ఎక్కించుకొని పొలాల పొంటి తిప్పెటోడు, అది కనపడేదాక ఇంటికి రానియ్యకపోయెటోడు. గందుకే అడుగుతున్న.

పాతరాత
ఫిబ్రవరి 11, ఉదయం 6:20

కాకి ఉంది, వడ్రంగిపిట్ట ఉంది, కాకి జాతిదే ఇంకో నలుపు తెలుపు పిట్ట ఉంది. ఏది ఏ దిక్కున కనపడాలో ముందే అనుకుని, హద్దులు గీసుకుని కూర్చుంటారు. మీ తాతగారు వాళ్ల పక్కన కూర్చుంటే ఏ ఇబ్బందీ పడేవారు కాదు.

ఆ పలకల్లో ఉన్నవన్నీ మెత్తని మాటలే కావని కూడా చెప్పాలి. శుద్ధి మొదలయ్యేముందు పరాయి ఊళ్లవాళ్లని, ఎట్రుస్కన్లని పేరుపేరునా పిలిచి హద్దు దాటి పొమ్మంటారు. పోకపోతే శాపాలు పెడతారు. తరువాత జనం చుట్టూ బలిపశువులతో మూడుసార్లు ప్రదక్షిణం. మన వాళ్ల మేలు, పై వాళ్ల కీడు, రెండూ ఒకే నోట. పాతకాలపు ఊరంటే అదే.

ఉంబ్రియా ఉత్తరం
ఫిబ్రవరి 11, రాత్రి 9:15

మాస్టారూ, మీ ఉత్తరం ప్రింటు తీసుకుని గోడకి అంటించుకున్నాను. మా నాయనమ్మ గొడ్లపాకలో దీపం పెట్టి "గొడ్డూ గోదా చల్లగా ఉండాలి" అని దణ్ణం పెట్టుకునేది. ఇదీ అదే కోరిక కదా అనిపించింది.

ఇంకో ప్రశ్న. మే 15న ఈ ఊళ్లో చేరి అనే పండుగ చేస్తారట. మూడు పెద్ద చెక్క స్తంభాలు మోస్తూ కొండ మీదికి పరుగు పందెం. పోయినసారి ఎవరు గెలిచారని మా క్లాసులో గుబ్బియో అబ్బాయిని అడిగితే ముఖం అదోలా పెట్టాడు. నేనేమైనా తప్పు అడిగానా?

స్క్రాంటన్ చలి
ఫిబ్రవరి 12, తెల్లవారుజామున 4:30

తప్పే అడిగావమ్మా. కానీ నేను కూడా మొదట్లో అదే అడిగాను కాబట్టి చెప్తాను. అందులో గెలుపు లేదు. ఎవరు ముందో ఎప్పుడో ఖాయం. ముందు సంత్ ఉబాల్దో స్తంభం, తరువాత సంత్ జోర్జోది, చివర సంత్ అంతోనియోది. దాటకూడదు. పడకూడదు. పరుగు ఆగకూడదు. అంతే.

నేనుండేది పెన్సిల్వేనియాలో స్క్రాంటన్ దగ్గర. పక్కనే జెస్సప్ అని చిన్న ఊరు. వందేళ్ల కిందట ఇక్కడి బొగ్గు గనుల్లో పనికి గుబ్బియో ప్రాంతం నుంచి మనుషులు వచ్చారు. వాళ్లు తెచ్చుకున్న పండుగే ఇప్పటికీ మే నెలాఖరు సెలవుల్లో ఇక్కడ చేస్తారు. మూడు స్తంభాలు, మూడు రంగులు, అన్నీ అలాగే. నేను పన్నెండేళ్లుగా చూస్తున్నాను.

చేరి అంటే కొవ్వొత్తులు. ఉబాల్దో ఆ ఊరి బిషప్పు, 1160 మే 16న పోయాడు. అంతకు ముందు 1155లో జర్మన్ చక్రవర్తి బార్బరోస్సా సేనలతో వస్తే ఎదురెళ్లి ఊరిని కాపాడాడని చెప్పుకుంటారు. ఆయన వర్ధంతి ముందురోజు వృత్తి సంఘాలవాళ్లు మైనపు కొవ్వొత్తులు సమర్పించేవాళ్లు. అవే 16వ శతాబ్దం చివరికి చెక్క స్తంభాలయ్యాయి. ఎనిమిది పక్కలతో, రెండు అంతస్తులుగా, నడుం దగ్గర సన్నగా ఉంటాయి. పైన సాధువు బొమ్మ. ఒక్కోటి మోతకర్రలతో కలిపి 300 కిలోల దరిదాపు. ఉబాల్దో తాపీ మేస్త్రీల సాధువు, పసుపు చొక్కాలు. జోర్జో వర్తకులకి, చేతిపనివాళ్లకి, నీలం. అంతోనియో రైతులకి, విద్యార్థులకి, నలుపు. అందరికీ తెల్ల ప్యాంటు, ఎర్ర నడికట్టు, మెడలో ఎర్ర గుడ్డ.

ఆ బరువుతో పరిగెత్తాలంటే ఒక జట్టుకి కొన్ని పదుల మీటర్ల కంటే ఓపిక ఉండదు. అందుకని దారి పొడవునా జట్లు కాచుకుని ఉంటాయి. పరుగు ఆపకుండానే ఒక భుజం కిందనుంచి ఇంకో భుజం మీదికి మారుస్తారు. ఆ మార్పిడి చూడాలి. ఒక్క అడుగు తడబడితే స్తంభం ఒరుగుతుంది. అది చూసి నాకు మా ఊళ్లో అమ్మవారి పల్లకీకి భుజం మార్చడం గుర్తొచ్చింది. మా నాన్న ఆ జట్టులో ఉండేవాడు.

ఆ మూడు స్తంభాల గుర్తే ఇప్పుడు ఉంబ్రియా రాష్ట్రం జెండా మీద ఉంది.

గుబ్బియోది ఇంకొకటి కూడా నేను ఇక్కడ చూశాను, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో. ఫెదెరీకో ద మోంతెఫెల్త్రో అనే ప్రభువు ఆ ఊరి దగ్గరే 1422లో పుట్టాడు. గుబ్బియోలో తన భవనంలో చిన్న చదువుల గది చేయించుకున్నాడు. గోడలన్నీ రంగురంగుల చెక్క ముక్కలు పొదిగినవి. అల్మారా తలుపు తెరిచి ఉన్నట్టు, లోపల పుస్తకాలు, వీణ లాంటి వాయిద్యం, పంజరంలో చిలక. చెయ్యి పెడితే చదునైన గోడే. మ్యూజియం దాన్ని 1939లో కొన్నది. ఇప్పుడు గుబ్బియో భవనంలో ఉన్నది నకలు. ఆ గదిలో నిలబడ్డప్పుడల్లా ఇది తన ఊళ్లో ఉండాల్సింది కదా అనిపిస్తుంది. పలకలు మిగిలాయి, గది పోయింది.

కంకరరాళ్లు
ఫిబ్రవరి 12, రాత్రి 9:00

ఈ చర్చలోకి నేను ఆలస్యంగా వచ్చాను. మాది రాజమండ్రి, భూగర్భశాస్త్రం చదివినవాణ్ణి. మీరంతా రెండువేల ఏళ్లు, ఎనిమిది వందల ఏళ్లు అంటుంటే నా చెయ్యి ఆగడం లేదు. గుబ్బియో పేరు ప్రపంచంలో ప్రతి భూగర్భశాస్త్ర విద్యార్థికీ తెలుసు. దానికి కారణం ఒక సెంటీమీటరు మందం మట్టి పొర.

ఊరు దాటగానే బొత్తాచ్చోనే అనే లోయ ఉంది. రోడ్డు పక్కనే సున్నపురాయి పొరలు పుస్తకం పేజీల్లా ఒరిగి కనిపిస్తాయి. అదంతా ఒకప్పుడు లోతైన సముద్రం అడుగు. కింద తెల్లటి రాయి, డైనోసార్ల కాలంది. పైన గులాబీ రాయి, వాటి తర్వాతి కాలంది. మధ్యలో ఆ పలచటి బంకమట్టి. కింది రాయిని భూతద్దంలో చూస్తే ఇసుక రేణువంత సముద్రజీవుల గుల్లలు రకరకాలుగా నిండి ఉంటాయి. మట్టి పొర దాటగానే అవి మాయం. మిగిలినవి అతి చిన్నవి కొన్ని. 6.6 కోట్ల ఏళ్ల కిందట ఏదో జరిగింది, దాని చేవ్రాలు ఆ గోడ మీద ఉంది.

వాల్టర్ అల్వారెజ్ 1970లలో అక్కడ రాళ్లలో అయస్కాంత గుర్తులు కొలవడానికి వెళ్లాడు. ఆ మట్టి పొర పేరుకోవడానికి ఎంతకాలం పట్టిందో అన్నది ఆయన ప్రశ్న. తండ్రి లూయిస్ అల్వారెజ్ భౌతికశాస్త్రంలో నోబెల్ గ్రహీత. ఆకాశం నుంచి రాలే ఉల్కధూళిలో ఇరిడియం అనే అరుదైన లోహం ఉంటుంది, అది ఎంతుందో చూస్తే కాలం తెలుస్తుంది అన్నాడు. ఫ్రాంక్ అసారో, హెలెన్ మిచెల్ కొలిచారు. చుట్టూ ఉన్న రాయి కంటే ముప్పై రెట్లు ఉంది! కాలం లెక్కకి అందని సంఖ్య అది. ఆకాశం నుంచి పెద్ద బండ వచ్చి పడిందని, డైనోసార్లు అంతరించింది అందువల్లేనని నలుగురూ కలిసి 1980లో ప్రకటించారు. తరువాత మెక్సికోలో ఆ బండ పడ్డ చిక్షులుబ్ గొయ్యి బయటపడింది. అంటే ఆ కథ మొదలైంది గుబ్బియో రోడ్డు పక్కన.

ఇక మనవైపు. సరిగ్గా ఆ కాలంలోనే దక్కనులో లావా పొంగింది. పడమటి కనుమల దగ్గర పుట్టిన ప్రవాహాలు గోదావరి దాకా వచ్చాయని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మా కాటేరు, అవతలి గట్టున పంగిడి, దుద్దుకూరు దగ్గర కంకర కోసం పగలగొట్టే నల్లరాయి అదే. రెండు లావా పొరల మధ్య ఒక సున్నపురాయి పొర ఇరుక్కుని ఉంటుంది, నిండా సముద్రపు గవ్వలు, గుల్లలు. ఆ పొరలో దొరికిన సూక్ష్మజీవులు వినాశనం జరిగిన వెంటనే బతికి బట్టకట్టిన రకాలు. గుబ్బియోలో మట్టి పొర పైన కనిపించే ఆ చిన్న చిన్న జీవుల కాలమే. బండ వల్లా, లావా వల్లా, రెండూ కలిసా అన్న వాదం ఇంకా నడుస్తోంది.

చిన్నప్పుడు క్వారీ నుంచి ఆ గవ్వరాయి తెచ్చి ఇంటి అరుగు మీద పెట్టుకునేవాణ్ణి. దాని జంట ఇటలీలో ఉందని నాకు కాలేజీలో తెలిసింది.

పాలమూరు పోరడు
ఫిబ్రవరి 12, రాత్రి 9:40

అన్నా, మా వికారాబాద్, తాండూరు దిక్కున్న నల్లరేగడి గూడ ఆ లావా రాయి నుంచే అయింది కదా?

కంకరరాళ్లు
ఫిబ్రవరి 12, రాత్రి 9:55

అవును తమ్ముడూ. అనంతగిరి కొండల వైపు పైన పరుచుకున్నది ఆ లావానే. అది అరిగి అరిగి నల్లరేగడి అయింది. కంది, పత్తి పండేది దానిమీదే.

అన్నపూర్ణ వంటిల్లు
ఫిబ్రవరి 13, ఉదయం 11:00

చదువుతుంటే కడుపు నిండింది కానీ అడగకుండా ఉండలేను. ఆ ఊళ్లో శాకాహారులకి ఏముందమ్మా?

ఉంబ్రియా ఉత్తరం
ఫిబ్రవరి 13, రాత్రి 8:30

క్రేషా అని రొట్టె దొరుకుతుందండీ. గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, కాస్త వంటసోడా. మందమైన పెనం మీద కాల్చి, నడుమ చీల్చి ఉడికించిన ఆకుకూర పెట్టిస్తారు. కాలిన మచ్చలు అచ్చం మన జొన్నరొట్టె మీదలాగే. కొందరు పిండిలో పందికొవ్వు కలుపుతారు, ముందే అడగండి. ఇంబ్రెచ్చాతా అని శనగలు, చిక్కుడు గింజలు, అలసందల్లాంటివి కలిపి పులుసుగా వండుతారు. అదీ అడిగి తినండి. అడిగితే విసుక్కోరు, ఎలా చేశారో కూడా చెప్తారు.

ఉంబ్రియా ఉత్తరం
ఏప్రిల్ 26, రాత్రి 10:45

నిన్న ఇక్కడ విముక్తి దినం సెలవు. మళ్లీ గుబ్బియో వెళ్లాను. ఈసారి ఊరి కింద ఉన్న నలభైమంది అమరుల స్మారకానికి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 22న జర్మన్ సైన్యం ఒక అధికారి చావుకి బదులుగా ఈ ఊరివాళ్లని నలభైమందిని గోడకి నిలబెట్టి కాల్చింది. ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఆ గోడ అలాగే ఉంచారు, గుళ్లు దిగిన గుంతలతో. లోపల వరసగా సమాధులు, ఫొటోలు. ఒక ముసలాయన ఒక ఫొటో ముందు పూలు మార్చి, గుడ్డతో అద్దం తుడిచి వెళ్లాడు. నేను ఏమీ అడగలేదు.

మూటాముల్లె
ఏప్రిల్ 27, ఉదయం 7:30

అమ్మా, అదే వేసవిలో అక్కడికి దగ్గర్లో మన సైనికులు కూడా ప్రాణాలిచ్చారు. భారత డివిజన్లు ఆ కొండల్లో పోరాడాయి. మరాఠా లైట్ ఇన్ఫాంట్రీలో నాయక్ యశ్వంత్ ఘాడ్గే 1944 జూలై 10న టైబర్ నది ఎగువ లోయలో శత్రువుల మిషన్‌గన్ మీదికి ఒంటరిగా వెళ్లి చనిపోయాడు. విక్టోరియా క్రాస్ ఇచ్చారు. మోంతోనే అనే ఊళ్లో 2023లో ఆయన పేరున స్మారకం పెట్టారు, నీడగడియారం రూపంలో. గుబ్బియో నుంచి ఎక్కువ దూరం కాదు. వీలైతే నా తరఫున ఒక పువ్వు పెట్టు.

ఉంబ్రియా ఉత్తరం
ఏప్రిల్ 27, ఉదయం 8:10

తప్పకుండా బాబాయ్.

ఉంబ్రియా ఉత్తరం
మే 16, మధ్యాహ్నం 1:20

నిన్న చేరి చూశాను. గొంతు పోయింది, కాళ్లు పని చేయడం లేదు, అయినా ఇప్పుడే రాయాలి.

పొద్దున పదింటికే చౌకు నిండిపోయింది. మా క్లాసు అబ్బాయి ఇంటివాళ్లు అంతోనియో పక్షం, రైతులు. వాళ్లమ్మ నా మెడలో ఎర్ర గుడ్డ కట్టి, ముడి ఎలా వెయ్యాలో చూపించింది. "మీ ఇంట్లో పొలం ఉందా?" అంది. ఉంది, పొగాకు, శనగ వేస్తామన్నాను. "అయితే నువ్వు మాదానివే" అంది.

పలాజ్జో మీద కాంపనోనే అనే గంట ఉంది. 1769లో పోసింది, రెండు టన్నుల బరువు. తాడు లాగరు. మనుషులు పైకెక్కి కాళ్లతో తన్ని ఊపుతారు. కింద నిలబడితే ఆ మోత పక్కటెముకల్లో తెలుస్తుంది.

పన్నెండింటికి స్తంభాలు ఎత్తారు. పడుకోబెట్టి ఉన్న స్తంభాన్ని మోతకర్రలకి బిగించాక, ఒకాయన వాటిమీద ఎక్కి నిలబడి మట్టి కూజాలో నీళ్లు బిగింపు మీద పోశాడు. కూజాని జనంలోకి విసిరేశాడు. అదే క్షణంలో స్తంభం నిట్టనిలువుగా లేచింది. కూజా నా వెనక ఎక్కడో పగిలింది. పెంకుల కోసం జనం ఎగబడ్డారు, ఇంట్లో ఉంటే మంచిదట. నాకు దొరకలేదు. కాసేపటికి ఎవరో పదేళ్ల పాప వచ్చి తన పెంకులో సగం విరిచి నా చేతిలో పెట్టింది. లోపలివైపు ఇంకా తడిగా ఉంది.

లేచిన స్తంభాలు చౌకులో జెండాకర్ర చుట్టూ మూడుసార్లు తిరిగాయి. మాస్టారూ, మూడు ప్రదక్షిణాలు! పలకల్లోనూ మూడే కదా?

సాయంత్రం ఆరింటికి పరుగు. స్క్రాంటన్ అన్నయ్య చెప్పినట్టే భుజాల మార్పిడి చూశాను. ముందు అరుపు వినిపిస్తుంది, తరువాత అడుగుల చప్పుడు, ఆ తరువాత గోడలకి అంటుకుపోయిన జనం మధ్యనుంచి మూడు స్తంభాలు ఊగుతూ దూసుకుపోతాయి. కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. వీధి మలుపులో అంతోనియో స్తంభం ఒక పక్కకి వాలింది. పక్కనున్న వాళ్లమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. నిలబడింది. అందరం ఏడ్చాం.

కొండమీద గుళ్లో ఉబాల్దో దేహం గాజుపెట్టెలో ఉంది. స్తంభాలు ఏడాదంతా అక్కడే ఉంటాయి. మళ్లీ మే మొదటి ఆదివారం పడుకోబెట్టి కిందికి తెస్తారు, పసిపిల్లల్ని వాటిమీద కూర్చోబెట్టి. రాత్రి సాధువుల బొమ్మల్ని దివిటీలతో, పాటలతో కిందికి దింపారు. ఆ వెలుగులో నడుస్తూ నేను కూడా దిగాను.

పాతరాత
మే 16, సాయంత్రం 6:40

తల్లీ, రెండుసార్లు చదివాను. ఈ పండుగ ఆ పాత శుద్ధి నుంచే వచ్చిందని కొందరు పండితులు అన్నారు, కొందరు ఒప్పుకోలేదు. మధ్యలో వెయ్యేళ్ల ఖాళీకి సాక్ష్యం లేదు. కాబట్టి మూడుకి మూడు సరిపోయిందని సంతోషిద్దాం, ముడి మాత్రం వెయ్యొద్దు.

మళ్లీ మ్యూజియానికి వెళ్తే ఒక పని చెయ్యి. ఆరో పలక రెండో వైపు చూడు. లాటిన్ అక్షరాలే, చదవగలవు. పదో వరుస, పదకొండో వరుస దగ్గర వెతుకు.

ఉంబ్రియా ఉత్తరం
మే 23, సాయంత్రం 7:05

కనపడింది మాస్టారూ! మాటకీ మాటకీ మధ్య చుక్కలున్నాయి, అందుకే విడదీసి చదవగలిగాను. దుపుర్సుస్, చుక్క, పెతుర్‌పుర్సుస్. మొదటిసారి కలిసిన కాపలా పెద్దావిడే ఉంది. మీరు రాసిన మంత్రం చదివి వినిపించాను. ద్విపదే, చతుష్పదే. ఆవిడ నాచేత మళ్లీ అనిపించి, చీటీ మీద ఇటాలియన్ అక్షరాల్లో రాసుకుంది. స్కూలు పిల్లలు వచ్చినప్పుడు చెప్తానంది.